గాజు కోత: గుమ్మం మీది ఆకు, చెత్తసంచిలోని పెంకు
(ప్రసంగ పాఠం)

విరిగిన మట్టిగాజు ముక్కను దీపపు మంట మీద పట్టుకొని, అది మెత్తబడి వంగుతున్నప్పుడు రెండు కొసలనూ దగ్గరకు చేర్చి, ఆ వలయంలో ఇంకొక ముక్కను దూర్చి వంచి, ఇలా ఒక్కొక్క లంకెగా గొలుసు అల్లడం కొన్ని తరాల తెలుగు ఆడపిల్లలకు సెలవురోజుల ఆట. ఆ గొలుసులు కొన్ని ఇళ్ళలో గుమ్మానికి తోరణాలై వేలాడేవి. కొలిమి లేదు, పనిముట్టు లేదు. ఉన్నదల్లా ఒక కిరోసిన్ దీపమూ కొంత ఓర్పూ. గాజును ఇంట్లో వేడిచేసి మరొక రూపానికి తేవడం తెలుగువారికి కొత్త కాదని చెప్పడానికి ఆ ఆట ఒక్కటి చాలు. ఆ ఆటలో వేలు కాలిన పిల్లలూ ఉన్నారు, పాదంలో పెంకు దిగిన పిల్లలూ ఉన్నారు. ఈ ప్రసంగంలో ఎక్కువ సేపు చెప్పవలసినది ఆ రెండో సంగతి గురించే.

ఆ ఆటకు దగ్గరి చుట్టమైన పని ఒకటి ఇప్పుడు నగరాలలో వ్యాపిస్తున్నది. దానిని ఫ్యూజ్డ్ గ్లాస్ అంటున్నారు. రంగురంగుల గాజు పలకలను కావలసిన ఆకారాలుగా కోసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, విద్యుత్ కొలిమిలో 800 డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరగా వేడిచేస్తే అవి కరిగి ఒకే పలక అవుతాయి. జిగురు అక్కరలేదు, సీసపు పట్టీలు అక్కరలేదు. కొలిమి ఖరీదైన వస్తువు. అద్దె ఇంటి వైరింగు దానిని భరించగలదో లేదో ఎలక్ట్రీషియను చూసి చెప్పవలసిన సంగతి. అందువల్ల చాలామంది గాజును ఇంట్లో కోసుకొని, కాల్చడానికి మాత్రం కొలిమి ఉన్న స్టూడియోకు తీసుకువెళతారు. కనుక ఇంట్లో జరిగే పని ముఖ్యంగా కోతే. దాని కష్టమూ, దాని ప్రమాదమూ ఇంట్లోనే ఉంటాయి.

మాటలు గాలిలో తేలిపోకుండా ఒక వస్తువును ముందు పెట్టుకుందాం. ఉగాదికి అపార్ట్‌మెంటు తలుపు మీద కట్టే మామిడాకుల తోరణం. తాజా ఆకులు రెండు రోజులకే వాడిపోతాయి. ప్లాస్టిక్ ఆకులు ఏడాది పొడవునా దుమ్ము పట్టి వేలాడతాయి. ఆకుపచ్చ గాజుతో పదకొండు ఆకులు చేయవచ్చు. ఒక్కొక్క ఆకు 15 సెంటీమీటర్ల పొడవు, నడుమ 4 సెంటీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం అనుకుంటే ఆకుకు 60 గ్రాములు, తోరణానికి 660 గ్రాములు తూగుతుంది. మేకు భరించగల బరువే.

ముందుగా ఏ గాజు కొనాలో తేల్చుకోవాలి. ప్రతి గాజూ వేడికి కొంత వ్యాకోచిస్తుంది, చల్లారితే అంత సంకోచిస్తుంది. కాల్చి అతికే పనికి అమ్మే గాజుల మీద 90 అనో, 96 అనో అంకె ఉంటుంది. 90 అంటే, ఒక మీటరు పొడవున్న గాజు ఒక్క డిగ్రీ వేడెక్కినప్పుడు 0.009 మిల్లీమీటరు పెరుగుతుందని అర్థం. మామూలు కిటికీ గాజుకు ఈ అంకె 84కు అటూఇటుగా ఉంటుంది. తేడా ఆరే కదా అనిపిస్తుంది. 15 సెంటీమీటర్ల ఆకులో ఒక పొర కళాగాజు, ఒక పొర కిటికీ గాజు అయితే, కరిగి అతుక్కున్న తరువాత గట్టిపడిన చోటునుంచి గది ఉష్ణోగ్రతకు, అంటే సుమారు 450 డిగ్రీలు చల్లారేలోపు, రెండు పొరల పొడవులలో 0.04 మిల్లీమీటరు తేడా వస్తుంది. తలవెంట్రుక మందంలో సగం. ఆ సగం వెంట్రుక చాలు, ఆకు నిలువునా చిట్లడానికి. కొన్నిసార్లు కొలిమిలోనే చిట్లుతుంది. కొన్నిసార్లు గుమ్మానికి కట్టిన వారం తరువాత. అందుచేత ఒక పనికి ఒకే తయారీదారు, ఒకే అంకె ఉన్న గాజు వాడడం తప్పనిసరి. అలాంటి గాజు చాలావరకు విదేశాల నుంచి వస్తుంది, ధర ఎక్కువ. చేయి కుదిరేదాకా కోత నేర్చుకోవడానికి మాత్రం అద్దాల దుకాణంలో మిగిలిన కిటికీ గాజు ముక్కలు చాలు. సీసాలతో చేయాలనుకునేవారు ఒక సీసా గాజును ఆ సీసా గాజుతోనే కలపాలి. ఒకే రంగున్నంత మాత్రాన రెండు సీసాలు ఒకే గాజు కావు.

అసలు కోయకూడని గాజు ఒకటున్నది. స్నానాల గది తలుపు, ఫ్రిజ్జులోని అర, బల్ల మీద పరిచే మందపు పలక చాలావరకు టఫెన్డ్ గాజుతో చేస్తారు. తయారీలోనే దాని పైపొరను బలంగా నొక్కిపెట్టినట్టు ఉంచుతారు. దానికి గీటు పెట్టి విరిచే ప్రయత్నం చేస్తే గీత వెంట విరగదు. పలక మొత్తం ఒక్కసారిగా చిన్న పలుకులై పేలుతుంది. మూలలో చిన్న ముద్ర ఉన్న పలక కనిపిస్తే దానిని పక్కన పెట్టాలి. ముద్ర లేకపోయినా అనుమానం ఉంటే అదే చేయాలి.

గాజు కోత గురించి దొరికే పుస్తకాలలో చాలా భాగం చెప్పులు వేసుకొని ఇంట్లో తిరిగే దేశాలలో వ్రాసినవి. మన ఇళ్ళలో వట్టి కాళ్ళతో నడుస్తారు. పిల్లలు నేలమీద పాకుతారు, పెద్దలు నేలమీద కూర్చుని కూర తరుగుతారు. ఆ అలవాటుతోనే గాజునూ నేలమీద కూర్చుని కోయాలనిపిస్తుంది. అది తగదు. కోసేవారు నిలబడాలి, ఎత్తైన బల్ల కావాలి. గీటుకు బలం మణికట్టు నుంచి కాదు, భుజం నుంచి రావాలి. పైగా గీటు పెట్టిన ప్రతిసారీ కంటికి ఆనని పలుకులు ఎగురుతాయి. కూర్చున్నవారి ఒడిలోనే పడతాయి. బాల్కనీలోనో, తలుపు వేసుకోగల గదిలోనో ఒక బల్ల, దానిమీద అంచులున్న పెద్ద ట్రే, ట్రేలో నాలుగు పొరల వార్తాపత్రిక; కళ్ళకు మూసుకునే అద్దాలు, కాళ్ళకు బూట్లు. ఆ బూట్లు ఆ గది గడప దాటకూడదు. వంటింటి బల్లమీద, చపాతీ పీటమీద గాజు పని చేసే ఆలోచనే వద్దు.

ఇక కోత. నిజానికి గాజును ఎవరూ కోయరు. కత్తి కూరగాయలోకి దిగినట్టు ఏ పనిముట్టూ గాజులోకి దిగదు. చిన్న ఉక్కు చక్రం గాజు పైపొర మీద సన్నని గీటు పెడుతుంది. ఆ గీటు వెంట గాజు విరుగుతుంది. 12వ శతాబ్దంలో థియోఫిలస్ అనే ఐరోపా సన్యాసి కళాకారుల పనుల గురించి వ్రాసిన గ్రంథంలో, ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీతో గాజును చీల్చే పద్ధతి ఉన్నది. తరువాత వజ్రపు మొన వచ్చింది. చవకైన ఉక్కు చక్రానికి 1869లో అమెరికాలో శామ్యూల్ మాన్స్ పేటెంటు పొందాడు. ఇప్పుడు హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే గ్లాస్ కట్టర్ దాని వంశమే. ఆ గీటు ఎందుకు పని చేస్తుందో 1921లో బ్రిటిష్ ఇంజనీరు గ్రిఫిత్ వివరించాడు. నొక్కుడును తట్టుకోవడంలో గాజు గట్టిది. లాగుడుకు మాత్రం దాని ఉపరితలం మీది కంటికి కనిపించని లోపాల దగ్గర లొంగిపోతుంది. గాజుకు మనం కోరిన చోట ఒక లోపాన్ని కల్పించి, అక్కడ లాగుడు పడేటట్టు వంచడమే కోత.

ఈ ఒక్క మాట అర్థమైతే కోతలోని నియమాలన్నీ బట్టీ పట్టనవసరం లేకుండానే తెలుస్తాయి. గీటు ఒక అంచున మొదలై ఇంకొక అంచున ముగియాలి; నడుమ ఆపితే, అక్కడినుంచి విరుపు తన ఇష్టం వచ్చిన దారి పడుతుంది. అదే గీటు మీద రెండోసారి చక్రం నడపకూడదు. నడిపితే మొదటి గీటు పక్కన చిల్లర పగుళ్ళు పుట్టి విరుపును తప్పుదారి పట్టిస్తాయి, చక్రమూ మొద్దుబారుతుంది. గాజు శుభ్రంగా ఉండాలి, దుమ్ము ఉన్నచోట చక్రం ఎగిరి గీటు తెగుతుంది. చక్రానికి ఒక చుక్క కుట్టుమిషను నూనె కావాలి. గాజుకు ఒకవైపు గరుకు ఉంటే గీటు నునుపువైపు పెట్టాలి. ఒత్తిడి సరిగా పడినప్పుడు పలుచటి పట్టుబట్ట చిరుగుతున్నట్టు సన్నని ఏకధాటి చప్పుడు వస్తుంది, గీటు వెంట్రుకలా కనీకనబడకుండా ఉంటుంది. గీటు తెల్లగా, పొడి రాలుతూ కనిపించిందంటే ఒత్తిడి ఎక్కువైంది. కొత్తవారు చేసే పొరపాట్లలో పదింట తొమ్మిది ఇదే: గాజు గట్టిదని బలంగా నొక్కడం.

గీటు పెట్టిన వెంటనే విరవాలి. టీ తాగి వచ్చి విరుద్దామనుకుంటే గీటు మొండికేస్తుంది. గీటుకు ఇటూ అటూ బొటనవేళ్ళు, కింద మడిచిన పిడికిళ్ళు. రొట్టె విరిచినట్టు కిందికీ బయటికీ ఒక్క కదలిక. సన్నని పట్టీలయితే రన్నింగ్ ప్లయర్స్ అనే పట్టకారు వాడతారు. దాని దవడ గీటు కొసను కింద నుంచి ఎత్తి, పై నుంచి రెండువైపులా నొక్కుతుంది. తిన్నని గీతలతో చతురస్రాలు, పట్టీలు, త్రిభుజాలు ఒక ఆదివారంలో వస్తాయి. వాటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వంపులలోనే విద్య ఉన్నది.

మామిడాకు దగ్గరకు వద్దాం. దానికి రెండు వంపులు, రెండూ వెలుపలికి ఉబ్బినవే. అందుకే ఇది తొలి వంపుగా తగినది. 15 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పట్టీని ముందు కోసుకోవాలి. ఆకు 4 సెంటీమీటర్లే అయినప్పుడు పట్టీ 6 ఎందుకంటే, ఉబ్బెత్తు దగ్గర ఆకుకూ పట్టీ అంచుకూ మధ్య కనీసం ఒక సెంటీమీటరు గాజు ఉండాలి. అంతకన్నా సన్నని ముక్క గీటు వెంట రాదు, మధ్యలో తునిగిపోతుంది. పొట్టి అంచు నడుమ చక్రం ఆనించి, ఎదుటి పొట్టి అంచు నడుమ వరకు ఒక్క ఊపులో ఒక వంపు గీయాలి. వెంటనే విరవాలి. రెండో వంపు ఆ తరువాతే. రెండు గీట్లూ ముందే పెట్టి కూర్చుంటే మొదటి విరుపు రెండో గీటును పట్టుకొని పోవచ్చు. వంపును విరిచేటప్పుడు పలకను పైకెత్తి, గీటు కొసకు సరిగ్గా కింద, కట్టర్ వెనుక ఉన్న గుండుతో మెల్లగా తట్టాలి. గీటు కింద వెండితీగలాంటి మెరుపు ఒకటి పాకడం కనిపిస్తుంది. ఆ మెరుపే విరుపు. ఆ కొస నుంచి కొంత, ఈ కొస నుంచి కొంత తట్టి, రెండు మెరుపులూ కలిసిన తరువాత ముక్కను విడదీస్తే చేతిలో ఆకు మిగులుతుంది. మొదటిసారి ఆ మెరుపు చూసినవారు ఆ పనిని అంత తేలికగా వదలరు.

తమలపాకు వేరే కథ. తొడిమ దగ్గర లోపలికి నొక్కుకొని పోయిన మూల ఉంటుంది. ఒకే పలకలో ఆ మూలను ఏ కట్టరూ తీయలేదు, విరుపు అలా మలుపు తిరగదు. ఎంత అనుభవజ్ఞుడు ప్రయత్నించినా పగులు ఆ మూల నుంచి ఆకు మధ్యకు దిగుతుంది. దీనికి ఉపాయం గాజులో లేదు, ఆకులోనే ఉన్నది. నడి ఈనె వెంట తమలపాకును రెండు సగాలుగా చూస్తే, ఏ సగంలోనూ లోవంపు లేదు. రెండు సగాలనూ విడివిడిగా కోసి, కొలిమిలో అంచుకు అంచు తాకించి పెట్టి, అతుకు మీద 4 మిల్లీమీటర్ల వెడల్పున్న సన్నని గాజు పట్టీ ఒకటి పరిస్తే, కాలిన తరువాత ఆ పట్టీయే ఈనె అవుతుంది. సీసపు పట్టీలతో కిటికీ కట్టేవారికి ప్రతి అతుకూ కనిపించే గీతే. కరిగించి అతికేవారు అతుకును దాచుకోగలరు, కావాలంటే దానినే అలంకారం చేసుకోగలరు. అందుకే కఠినమైన ఆకారం ఎదురైనప్పుడు దానిని ఎలా కోయాలి అని కాక, ఎక్కడ రెండుగా చేయాలి అని ఆలోచించడం ఈ పనిలో తెలివైన దారి.

పట్టుచీర అంచుమీది మామిడిపిందె ఈ రెంటికన్నా కష్టం. వంగిన కొస కింద తప్పించుకోలేని లోవంపు ఒకటుంటుంది. ముందు అసలు లోవంపుకు గీటు పెడతారు, కాని విరవరు. ఆ గీటుకూ పలక అంచుకూ మధ్యనున్న వృథా భాగంలో నెలవంకల్లా మరి మూడు నాలుగు గీట్లు, ఒకదానికన్నా ఒకటి లోతు తక్కువగా, అంచువైపు పెడుతూ వస్తారు. తరువాత అంచుకు దగ్గరగా ఉన్న నెలవంకను మొదట, దాని లోపలి దానిని తరువాత, గ్రోజింగ్ ప్లయర్స్ అనే పళ్ళ పట్టకారుతో ఊడదీస్తారు. జామకాయను చిన్న చిన్న కాట్లతో తిన్నట్టు. చివరి నెలవంక అసలు గీటు దగ్గర ఆగుతుంది. తొందరపడితే పిందె మెడ విరుగుతుంది. అనుభవం ఉన్నవారికీ విరుగుతుంది.

గుండ్రని బొట్ల కోసం వృత్తాలు కోసే పరికరం కొనేవారు ఉన్నారు. పెద్ద పళ్ళేలు చేసేదాకా అది అక్కరలేని ఖర్చు. చిన్న గుండ్రాలను కొలిమే చేసిపెడుతుంది. కరిగిన గాజు తన మందాన్ని 6 మిల్లీమీటర్లకు దగ్గరగా తెచ్చుకోవాలని చూస్తుంది. అంతకన్నా పలచగా ఉంటే ముడుచుకుంటుంది, మందంగా ఉంటే పరుచుకుంటుంది. ఒక సెంటీమీటరు చతురస్రాలు రెండు ఒకదానిమీద ఒకటి పెట్టి పూర్తిగా కరిగిస్తే, మూలలు లోపలికి లాక్కొని బొట్టులా గుండ్రబడతాయి. ఇదే స్వభావం మామిడాకు కొసకు చేటు చేస్తుంది. 3 మిల్లీమీటర్ల గాజు ఒక్క పొరే పెట్టి 800 డిగ్రీలకు తీసుకువెళితే ఆకు నడుము సన్నబడి, అంచుల వెంట సూదుల్లాంటి మొనలు లేస్తాయి. కాబట్టి ఒకే కొలతకు కోసిన రెండు పొరలు కావాలి. ఈనెలు ఉబ్బెత్తుగా వేలికి తగలాలనుకుంటే 750 డిగ్రీల దరిదాపుల్లో ఆపాలి. నున్నని ఒకే పలక కావాలనుకుంటే 800 వరకు వెళ్ళాలి. రెండు పొరల మధ్య, తొడిమ దగ్గర 3 మిల్లీమీటర్ల సిరామిక్ ఫైబర్ కాగితపు పట్టీని అడ్డంగా ఉంచితే, కాలిన తరువాత దానిని తడిపి తీసేసిన చోట తీగ దూర్చే దారి మిగులుతుంది. ఆ కాగితాన్ని పొడిగా గీకకూడదు. దాని నూగు ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కాల్చడం గురించి ఒక్క మాటే. గాజు తయారీదారు చెప్పిన ఉష్ణోగ్రత దగ్గర, అది సాధారణంగా 480కీ 515కీ మధ్య ఉంటుంది, గాజును సుమారు గంటసేపు నిలిపి, లోపలి బిగువు వదిలిన తరువాతే మెల్లగా చల్లార్చాలి. మూత తెరవడం మరునాటి పని. తలుపు మీద, మనుషుల తలల మీద వేలాడే వస్తువు విషయంలో ఈ గంటను ఎవరూ తగ్గించుకోకూడదు. కట్టడానికి నూలుదారం కాదు, రాగి తీగ వాడాలి.

ఇప్పుడు తూకం సంగతి. ఆరు సెంటీమీటర్ల పట్టీ నుంచి మామిడాకు తీసినప్పుడు, పట్టీలో సగానికన్నా తక్కువ భాగమే ఆకవుతుంది. పదకొండు ఆకులకు ఇరవై రెండు పొరలు. లెక్క వేస్తే, 660 గ్రాముల తోరణానికి కోతలో మిగిలే ముక్కలు సుమారు 800 గ్రాములు. చేయి తప్పి విరిగినవి ఇందులో లేవు. గుమ్మానికి ఎక్కినదానికన్నా గుమ్మం దాటి బయటకు పోవలసినదే ఎక్కువ.

ఈ 800 గ్రాములలో చాలా భాగాన్ని పోనివ్వనక్కరలేదు. రెండు వేళ్ళ వెడల్పుకు మించిన ముక్కలను పుస్తకాల్లా నిలబెట్టి ఒక పెట్టెలో దాచుకుంటే తరువాతి ఈనెలకూ, బొట్లకూ పనికి వస్తాయి. ఇంకా చిన్నవాటిని ఒకే అంకె గాజు అయితే కలిపి కొలిమిలో గుళ్ళుగా కాల్చుకోవచ్చు. మిగిలేవి సూదుల్లాంటి పుల్లలు, రజను. వీటిని చేత్తో తుడవకూడదు, చీపురుతో ఊడవకూడదు; ఊడిస్తే రజను గాలిలోకి లేస్తుంది. ట్రేలోని వార్తాపత్రికను నీళ్ళతో చిలకరించి, అంచులు లోపలికి మడిచి, అలాగే పొట్లం చేయాలి. నేలను తడి కాగితంతో ఒత్తి తీయాలి. దీపాలు ఆర్పి, టార్చిని నేలకు ఆనించి వెలుగు అడ్డంగా పరిస్తే దాక్కున్న పలుకులు మెరుస్తాయి. మరునాడు ఆ గది ఊడ్చే మనిషి ఇంటివారు కాకపోవచ్చు. ఇంటిపనికి వచ్చే ఆమె కావచ్చు, ఆమెకు నిన్న అక్కడ ఏం జరిగిందో తెలియదు. తడిపిన గోధుమపిండి ముద్దతో పలుకులను అద్ది తీసే పద్ధతి కొన్ని ఇళ్ళలో ఉన్నది. బాగా పని చేస్తుంది. అయితే ఆ ముద్ద తడి చెత్తలోకి వెళ్ళకూడదు. వీధి మలుపులో చెత్తసంచి చించి తినే ఆవుకు అది పిండిగానే కనిపిస్తుంది.

చెత్తసంచి ప్రయాణం ఎలా ఉంటుందో ఒకసారి ఊహించాలి. పలుచటి ప్లాస్టిక్ సంచిని ఒక చెయ్యి మెడ పట్టి ఎత్తుతుంది, ఇంకొక చెయ్యి అడుగున ఆనుతుంది. అడుగున ఆనిన అరచేతికీ, సంచిలోని గాజుపుల్లకూ మధ్య ఒక కాగితమంత దూరం కూడా ఉండదు. ఆటో టిప్పరు మీద నిలబడి తడి, పొడి వేరుచేసే చేయి ఆ సంచిలోకి దిగుతుంది. తొడుగు ఉన్నా గాజు మొనకు అది అడ్డం కాదు. కోసినవారికి కళ్ళద్దాలూ, బూట్లూ, ముందే తెలిసిన జాగ్రత్తా ఉన్నాయి. ఎత్తేవారికి ఆ సంచిలో ఏమున్నదో తెలిసే అవకాశమే లేదు. తెగిన అరచేతితో చీపురు పట్టలేరు, బండి తోయలేరు. ధనుర్వాతం సూది వేయించుకోవడానికి పూట పోతుంది, ఆ పూట కూలి ఎవరు ఇస్తారన్నది వేరే ప్రశ్న. బెంగళూరు, చెన్నై నగరాల పారిశుద్ధ్య పనిలో తరతరాలుగా ఉన్నవారిలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారి తాతలు కూడా పని వెతుక్కుంటూ వచ్చినవారే, ఈ పుస్తిక చదివే ఎందరి తాతలవలెనే.

కనుక గాజుపుల్లలకూ, రజనుకూ సంచి కాదు, డబ్బా కావాలి. ఖాళీ పాలపొడి డబ్బా, మూత ఉన్న పాత నూనె డబ్బా, ఏదైనా మొన దిగని గోడ ఉన్నది. తడి పొట్లాన్ని అందులో పెట్టి, మూత చుట్టూ టేపు వేసి, పైన పెద్ద అక్షరాలతో లోపల ఏమున్నదో వ్రాయాలి. శానిటరీ చెత్తకు ఎర్రగుర్తు పెట్టడం బెంగళూరులో చాలా ఇళ్ళకు అలవాటైంది. దీనికి ఆ గుర్తు పెడితే పొరపడతారు, మాటే వ్రాయాలి. పొడి చెత్త తీసుకునే రోజున, మిగతా పొడి చెత్తతో కలపకుండా విడిగా ఇవ్వాలి. లేదా వార్డులోని పొడి చెత్త సేకరణ కేంద్రానికి తీసుకువెళ్ళి అప్పగించాలి. రంగు కళాగాజునూ, పొయ్యి వేడి తట్టుకునే వంటగాజునూ సీసాలలో కలిపి వేయకూడదు. వాటి కూర్పు వేరు, కరిగే వేడి వేరు. సీసాల గాజును మళ్ళీ కరిగించేచోట అవి మొత్తం పాకాన్ని చెడగొడతాయి.

డబ్బా మీద ఏ మాట వ్రాయాలి అన్నది చిన్న ప్రశ్న కాదు. తెలుగులో గాజు అంటే పలకా గాజే, చేతికి వేసుకునేదీ గాజే. ముఖం చూసుకునేది అద్దం. కన్నడంలో గాజు అంటే పలక మాత్రమే, చేతికి వేసుకునేవి బళెలు. అదృష్టవశాత్తు ఈ పనికి కావలసిన అర్థంలో రెండు భాషలూ కలుస్తాయి, రెండు లిపులలోనూ ఆ రెండక్షరాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ‘ఒడెద గాజు’ అని వ్రాస్తే కన్నడం చదివేవారికి పగిలిన గాజు అని తెలుస్తుంది. తమిళంలో పలకైనా, అద్దమైనా, కళ్ళజోడైనా కణ్ణాడే. ‘ఉడైంద కణ్ణాడి’ అనాలి. మరాఠీలో ‘ఫుటలేలీ కాచ్’, ఒడియాలో ‘భంగా కాచ’. యానాంలో తెలుగే చాలు. చదువు రానివారి కోసం పక్కన పగిలిన పలక బొమ్మ ఒకటి గీయాలి. బొమ్మ అందంగా ఉండనక్కరలేదు.

వ్రాసినంత మాత్రాన డబ్బాను తలుపు బయట పెట్టి లోపలికి వెళ్ళిపోకూడదు. వర్షానికి అక్షరాలు చెరిగిపోతాయి, చీకట్లో కనిపించవు. తెల్లవారి బండి వచ్చినప్పుడు డబ్బాను చేతికి అందించి, “అక్కా, ఇందులో గాజు పెంకులున్నాయి, పైకి తీయకండి” అని చెప్పాలి. బెంగళూరు వీధులలో చాలాచోట్ల ఈ మాటకు జవాబు కూడా తెలుగులోనే వస్తుంది.